పదో తరగతి అమ్మాయికి పొద్దు చాలదా?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పేవాళ్లము. ఏళ్ల తరబడి బోర్డు మీద కుడి నుంచి ఎడమకు రాసి రాసి, తెలుగులో ఉపన్యాసం అనేసరికి మా మాట కాస్త అటూ ఇటూ పోవచ్చును. ఈ సభలో అందరి ఇంటి భాషా ఒకటి కాదు గనుక తెలుగులోనే చెప్పమని కార్యదర్శిగారు కోరారు. తప్పులుంటే మీరే దిద్దుకొని వినండి.

ఆహ్వానపత్రికలో మా పేరు కింద "విద్య - యువత" అని అచ్చు వేశారు. అది చాలా పెద్ద విషయం. అంత పెద్ద విషయం మీద మాట్లాడితే చప్పట్లు కొట్టి ఇంటికి పోతాము, ఇంట్లో ఏమీ మారదు. అందుచేత మేము ఈ సాయంత్రం ఒకే ఒక అమ్మాయి గురించి, ఆమె ఒక్క రోజు పొద్దు గురించి మాట్లాడదలచుకున్నాము. పేరు చెప్పము. పేరు చెప్పకపోయినా మీలో చాలామందికి మీ ఇంట్లో పిల్లే గుర్తుకు వస్తుంది.

ఆ అమ్మాయి పదో తరగతి. ఉర్దూ మీడియం. అంటే మొదటి భాష ఉర్దూ, రెండవది తెలుగు, మూడవది ఇంగ్లీషు. ఆపైన లెక్కలు, సైన్సు, సోషలు. ఆరు సబ్జెక్టులు, మూడు లిపులు. ఒక పీరియడులో కుడి నుంచి ఎడమకు రాయాలి, గంట కొట్టగానే ఎడమ నుంచి కుడికి రాయాలి. ఈ శ్రమను మనం లెక్కలో వేసుకోము గాని, అదీ ఒక శ్రమే.

ఇది కాక ఆమె మన సంఘం సాయంత్రపు ట్యూషన్‌లో చిన్నపిల్లలకు చదువు చెబుతుంది. రెండు నుంచి నాలుగో తరగతి దాకా పన్నెండు మంది. జీతం లేదు. ఇంకొకటి, జనవరి 26న బడిలో జరగబోయే కోలాటంలో పదహారు మందిలో ఆమె ఒకతె. ఎనిమిది మంది ఉర్దూ సెక్షను, ఎనిమిది మంది తెలుగు సెక్షను. డ్రిల్లు టీచరమ్మగారు నేర్పుతున్నారు.

అర్ధ సంవత్సర పరీక్షలో ఈ అమ్మాయికి లెక్కల్లో మార్కులు తగ్గాయి. తండ్రి మా దగ్గరకు వచ్చారు. స్కూటర్లు బాగుచేసే మెకానిక్కు. పని మధ్యలో వచ్చినట్టున్నారు, చేతికి ఇంకా నూనె మరక ఉంది.

"మాస్టారూ, మార్చిలో పరీక్షలు. ఆ పిల్లల చదువూ, ఆ కోలలూ రెండూ మాన్పించేద్దామనుకుంటున్నా. మీరొక మాట చెబితే అది వింటుంది" అన్నారు.

తండ్రి బాధ తండ్రిది. ఆయనను తప్పు పట్టేవారు ఎవరూ లేరు. అయినా, రోగం తెలియకుండా మందు ఇవ్వకూడదు కదా. "ఒక్క వారం ఆగండి భాయ్. ముందు ఆ పిల్ల పొద్దు ఎటు పోతోందో చూద్దాము" అన్నాము. అమ్మాయిని పిలిచి, సైన్సు నోటుపుస్తకం చివరి పేజీలో ఏడు రోజులపాటు ఏ పనికి ఎంతసేపు పట్టిందో రాయమన్నాము. గడియారం చూసి రాయాలి, అందాజుగా కాదు.

వారం తర్వాత ఆ పేజీని మేమూ, తెలుగు పంతులమ్మగారూ కలిసి కూడాము. కోలాటం వారానికి మూడు రోజులు, రోజుకు 40 నిమిషాలు: మొత్తం 2 గంటలు. చిన్నపిల్లల చదువు వారానికి ఐదు రోజులు, రోజుకు 45 నిమిషాలు: 3 గంటల 45 నిమిషాలు. రెండూ కలిపి వారానికి 5 గంటల 45 నిమిషాలు. తండ్రిగారు మాన్పిస్తామన్నది ఇదీ.

ఇక ఆ పేజీలోనే ఇంకొక పద్దు ఉంది. పొద్దున్నే నీళ్లు పట్టడం, వాకిలి ఊడ్వడం, తమ్ముణ్ణి తయారు చేయడం, గిన్నెలు తోమడం, సాయంత్రం రొట్టెలు, రాత్రి మళ్లీ గిన్నెలు. రోజుకు రెండున్నర గంటలు. ఆదివారానికి కూడా సెలవు లేదు. వారానికి 17 గంటల 30 నిమిషాలు! పిల్లలకు చదువు చెప్పడం, కోలాటం, ఈ రెండింటికీ పట్టే కాలానికి మూడు రెట్లు. దీన్ని గురించి తండ్రి అడగలేదు, తల్లి అడగలేదు, చివరకు ఆ అమ్మాయి కూడా చెప్పలేదు. గాలి పీల్చడం ఎవరైనా పనిగా చెప్పుకుంటారా? అలాగే ఇది కూడా.

ఇంటర్ చదివే అన్నయ్య ఉన్నాడు. ఆ పేజీలో అతని ప్రస్తావన ఒక్కచోటే వచ్చింది: "భాయీజాన్‌కు చాయ్, 10 నిమిషాలు" అని.

నవ్వుతున్నారు. నవ్వండి. కాని ఇది ఆ ఒక్క ఇంటి సంగతి కాదు. 2019లో జాతీయ గణాంక కార్యాలయం వారు దేశమంతటా ఇళ్లకు వెళ్లి, ఎవరి కాలం ఎలా ఖర్చవుతున్నదో సర్వే చేశారు. ఆరేళ్లు నిండినవారిలో, జీతం బత్తెం లేని ఇంటి పనులలో పాల్గొన్న ఆడవారికి ఆ పనికి రోజుకు సగటున 299 నిమిషాలు పడితే, పాల్గొన్న మగవారికి పట్టింది 97 నిమిషాలు. పైగా అసలు పాల్గొన్న మగవారే తక్కువ: నూటికి ఇరవై ఆరుగురు. ఆడవారిలో నూటికి ఎనభై ఒక్కమంది. ఇది ఏ ఒక్క మతానిదీ, ఏ ఒక్క ఊరిదీ కాదు, దేశం మొత్తం లెక్క.

ఆ పేజీ అడుగున నిద్ర ఉంది. పడుకునేది రాత్రి పదకొండున్నరకు, లేచేది అయిదింటికి. అయిదున్నర గంటలు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసువారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని నిద్రను పరిశోధించే వైద్యులు 2016లో నిర్ధారించి చెప్పారు. ఆ ఈడులో శరీరంలోని గడియారమే కాస్త వెనక్కు జరుగుతుంది, రాత్రి తొందరగా నిద్ర పట్టదు. మనం మాత్రం తెల్లవారుజామునే లేపి, "మొద్దునిద్ర" అని తిడతాము. పగలు నేర్చినది మనసులో గట్టిపడేది నిద్రలోనే. నిద్ర కోసి చదువుకు అతికిస్తే, రెండూ చిరుగుతాయి. లెక్కల మాస్టారిని అడిగితే అసలు సంగతి తెలిసింది. ఆయన పీరియడు పొద్దున మొదటిది. అమ్మాయి కళ్లు తెరిచే కూర్చుంటుందట, చెప్పింది ఒక్క ముక్కా ఎక్కదట.

ఇప్పుడు ఆ రెండు పనుల సంగతి చూద్దాము. నిజంగా అవి చదువుకు అడ్డమేనా?

మొదట చిన్నపిల్లలకు చెప్పే చదువు. పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు చెప్పడం మన వీధిబడుల్లో, మక్తబుల్లో పాత పద్ధతే. దీనికి సంబంధించి ఒక చరిత్ర ఉంది. 1789లో మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర కోసం పెట్టిన పాఠశాలకు ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు దేశస్థుడు పర్యవేక్షకుడుగా ఉన్నాడు. ఒకనాడు ఆయన ఒక దేశవాళీ బడిలో పిల్లలు ఇసుక మీద వేలితో అక్షరాలు దిద్దుకోవడం చూశాడు. తన బడిలోనూ అలా నేర్పమంటే అక్కడి పంతుళ్లకు నచ్చలేదు. అప్పుడు జాన్ ఫ్రిస్కిన్ అనే ఎనిమిదేళ్ల విద్యార్థిని పిలిచి చిన్న తరగతి వానికి అప్పగించాడు. ఆ కుర్రవాడు నేర్పాడు! బెల్ తిరిగి వెళ్లి 1797లో ఈ ప్రయోగాన్ని లండనులో పుస్తకంగా అచ్చు వేయించాడు. ఆ తర్వాత అది "మద్రాసు పద్ధతి" అనే పేరుతో ఇంగ్లండు బడులలో వ్యాపించింది. మన ఇసుక మీద పుట్టిన పద్ధతి సముద్రాలు దాటింది. మనం మాత్రం అది కాలహరణం అంటున్నాము.

నేర్పేవారికి ఏం లాభం అంటారా? ఈ అమ్మాయికే జరిగింది చెబుతాము. నాలుగో తరగతి పిల్లవాడొకడు, "అక్కా, మూడు కన్నా నాలుగు పెద్దది కదా, మరి మూడోవంతు కన్నా నాలుగోవంతు చిన్నది ఎలా అవుతుంది?" అని అడిగాడట. ఆ రోజు తనకూ జవాబు తెలియలేదు. భిన్నాల లెక్కలు ఏళ్లుగా చేస్తూ వచ్చింది కాని ఎందుకో ఎప్పుడూ ఆలోచించలేదు. మర్నాడు రెండు రొట్టెలు పట్టుకువెళ్లి, ఒకటి మూడు ముక్కలు, ఒకటి నాలుగు ముక్కలు చేసి చూపించింది. ఆ పిల్లవాడికి అర్థమైంది. వాడికన్నా ముందు ఆమెకు అర్థమైంది. తాను చెప్పలేనిది తనకు రాదని తెలుసుకోవడం చదువులో సగం పని. ఈ పాఠం మేము తరగతిలో ఎన్నిసార్లు చెప్పినా రాదు.

ఇంకొక సంగతి. ఉర్దూ అక్షరాలు మొదలుపెట్టే పిల్లలకు బే, పే, తే దగ్గర తికమక. మూడింటికీ పడవ ఆకారం ఒకటే, చుక్కలే వేరు. బేకు కింద ఒకటి, పేకు కింద మూడు, తేకు పైన రెండు. మేము బెత్తం చూపి చెప్పినా రాని పిల్లకు ఈ అమ్మాయి చింతగింజలు చేతికిచ్చి, పలక మీద పడవ గీసి చుక్కలు పెట్టించి నేర్పింది. ఆ పిల్ల ఇప్పుడు సంఘం బోర్డు మీద అక్షరాలు కూడబలుక్కొని చదువుతున్నది. ఆ పిల్ల తల్లి ఈ సభలోనే ఉన్నారు.

ఇక కోలాటం. ఇక్కడ పెద్దల మనసులో ఉన్న మాట మాకు తెలుసు. "చదువంటే సరే, సేవ అంటే సరే, ఆట మన పిల్లలకెందుకు?" అని. తప్పించుకోకుండా జవాబు చెబుతాము.

కేరళలో మాప్పిళా ముస్లిములకు కోల్‌కళి అనే ఆట ఉంది. చిన్న కర్రలు చేతబట్టి, వలయంగా తిరుగుతూ, తాళానికి కర్రలు తాకిస్తూ ఆడతారు. మన కోలాటానికి దగ్గరి చుట్టమే. ఆడపిల్లలకు ఒప్పన అనే పెళ్లి ఆటపాట ఉంది. 1957లో మొదలైన కేరళ రాష్ట్ర పాఠశాలల కళోత్సవంలో ఈ రెండింటికీ పోటీలు జరుగుతున్నాయి. మన దగ్గరకే వస్తే, ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానాగారు నాదస్వరంలో దేశమంతా మెచ్చిన విద్వాంసులయ్యారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి అందుకున్నారు. ఆ ఇళ్లలో తరతరాలుగా అది పిల్లలకు దక్కిన విద్య. కాబట్టి తాళమూ లయా మనకు పరాయివని ఎవరూ అనలేరు.

కోలాటం పని చేసే తీరు చూడండి. లోపలి వలయం ఒకవైపు, వెలుపలి వలయం ఇంకొకవైపు తిరుగుతాయి. ప్రతి అడుగుకూ ఎదురుగా కొత్త మనిషి వస్తుంది. లెక్క తప్పకుండా ఆ మనిషి కోలకు మన కోల తాకాలి. ఒక్కరు రాకపోతే ఎదుటివారి కోల గాలిని కొడుతుంది, వలయం మొత్తం చెదురుతుంది. "నేను రాకపోతే ఏమౌతుందిలే" అనే మాటకు అక్కడ చోటు లేదు. ఈ అమ్మాయి కోలల లెక్కతోనే చిన్నపిల్లలకు నాలుగో ఎక్కం నేర్పింది. నాలుగు దెబ్బలకు ఒక వరుస. పోతే, తెలుగు సెక్షను పిల్లలతో రోజూ మాట్లాడి మాట్లాడి ఆమె తెలుగు తేటపడిందని పంతులమ్మగారే చెప్పారు. అయిదేళ్లుగా ఒకే ఆవరణలో ఉండి, రెండు సెక్షన్ల పిల్లలు ఒకరి పేర్లు ఒకరు తెలుసుకున్నది ఈ రెండు నెలల్లోనే.

ఆట వద్దనే ఇల్లు ఉంటే, ఆ ఇంటి మీద మేము ఒత్తిడి పెట్టము. ఎవరి ఇంటి మర్యాద వారిది. ఇది బడి ఆవరణలో, ఆడపిల్లల మధ్య, టీచరమ్మగారి ఎదుట జరుగుతున్నది, చీకటి పడకముందే పిల్లలు ఇల్లు చేరుతున్నారు. అది చూసి మీరే నిర్ణయించుకోండి. ఒక్కటే మా మనవి: వద్దనుకుంటే వద్దనుకున్న కారణమే చెప్పండి. చదువు పేరు పెట్టి మాన్పించకండి. అలా చేస్తే పిల్ల దృష్టిలో చదువు శిక్ష అవుతుంది. తనకు ఇష్టమైనవన్నీ లాగేసుకున్న చదువును ఏ పిల్ల ప్రేమిస్తుంది?

ఈ పేజీ తీసుకొని మేమిద్దరమూ వాళ్ల ఇంటికి వెళ్లాము. తల్లి జాకెట్లు కుడతారు. మిషను ఆపకుండానే విన్నారు. పండుగల రోజులు, ఒప్పుకున్న కుట్టుపని ఎక్కువ. ఆమె ఆలస్యంగా పడుకుంటేనే కిరాయి డబ్బులు నిండుతాయి. అమ్మాయి గిన్నెలు తోమకపోతే తల్లి తోమాలి, తల్లి తోమితే జాకెట్టు ఆగుతుంది. బద్ధకం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. పని మాత్రం ఇద్దరి మీదే పడింది.

తండ్రి పేజీని చాలాసేపు చూశారు. "మీరు చెప్పింది బాగానే ఉంది మాస్టారూ. మార్చిలో తప్పితే జవాబు ఎవరు చెబుతారు?" అన్నారు.

నిజమైన ప్రశ్న. దానికి మేము పూచీకత్తు ఇవ్వలేదు. ఏ మాస్టరూ ఇవ్వలేడు. ఆ రాత్రి అందరూ కూర్చొని ఒక ఒప్పందానికి వచ్చారు. నీళ్లు పట్టడం, రాత్రి గిన్నెలు భాయీజాన్‌కు. తమ్ముడు తొమ్మిదేళ్లవాడు, తన తయారు తానే. అమ్మాయి సాయంత్రం రొట్టెలు మాత్రం చేస్తుంది. రోజుకు గంటన్నర మిగిలింది. అందులో గంట నిద్రకు, అరగంట లెక్కలకు. భాయీజాన్ మొదట మూతి ముడుచుకున్నాడు. తండ్రి, "నేను షాపులో రోజంతా గ్రీజు కడుగుతాను, గిన్నె కడిగితే నీ చెయ్యి అరుగుతుందా?" అన్న తర్వాత మాట్లాడలేదు.

కోలాటం జనవరి 26తో సరి. పిల్లల చదువు ఫిబ్రవరిలో వారానికి రెండు రోజులు. మార్చిలో పూర్తి సెలవు. అన్నీ ఎప్పుడూ చేయవచ్చునని మేమూ అనము. పరీక్ష దగ్గరకు వస్తే తగ్గించవలసిందే. కాకపోతే ఏది, ఎప్పుడు, ఎంత తగ్గించాలో పిల్లను కూర్చోబెట్టుకొని నిర్ణయించాలి, ఆమె లేనప్పుడు కాదు.

చదివే తీరు గురించి కూడా పిల్లలకు ఒక మాట. 1885లో జర్మనీలో ఎబ్బింగ్‌హాస్ అనే పండితుడు అర్థం లేని అక్షరాల జట్లను తానే బట్టీ పట్టి, ఎంత కాలానికి ఎంత మరిచిపోతున్నాడో కొలిచి పుస్తకం రాశాడు. చదివిన మొదటి గంటల్లోనే మరుపు ఎక్కువ. ఒకే రోజు గుక్క తిప్పుకోకుండా చదివినదానికన్నా, రోజులు విడిచి విడిచి మళ్లీ చూసుకున్నది బాగా నిలుస్తుంది అని తేల్చాడు. కాబట్టి సాయంత్రం రోజంతా చదివిన పుస్తకాన్నే మళ్లీ చూస్తూ కూర్చోకండి. పుస్తకం మూసి, గుర్తున్నది తెల్లకాగితం మీద రాయండి. రానిది తెరిచి చూడండి. రెండు రోజుల తర్వాత మళ్లీ రాయండి. అరగంట చాలు. ఆ అరగంట సెల్‌ఫోను వేరే గదిలో ఉండాలి.

ఇప్పుడు సంఘ పెద్దలకు మా అసలు మనవి. గడచిన మూడేళ్లలో మన ట్యూషన్‌లో చదువు చెప్పిన నలుగురు ఆడపిల్లలు పదో తరగతి అని మధ్యలో మానారు. పరీక్షలయ్యాక తిరిగి వస్తామన్నారు. ఒక్కరూ రాలేదు. ఇద్దరు ఇంటర్‌లో కూడా చేరలేదు. ఆడపిల్ల విషయంలో "కొన్నాళ్లు ఆపుదాం" అన్నది చాలాసార్లు "ఇక చాలు" అయిపోతుంది. మగపిల్లవాడు క్రికెట్టు మానితే మే నెలలో మళ్లీ బ్యాటు పట్టుకుంటాడు. ఆడపిల్ల చేతిలో నుంచి తీసిన పలక, కోల తిరిగి చేతికి రావు. వాటి స్థానంలోకి గిన్నెలు వస్తాయి. మేము భయపడుతున్నది ఆ రెండు గంటల కోలాటం కోసం కాదు, దీనికోసం.

అందుచేత మూడు పనులు కోరుతున్నాము. ఒకటి: పన్నెండు మంది పిల్లల భారం ఒక్క పదో తరగతి అమ్మాయి మీద ఉంచవద్దు. ఇంటర్, డిగ్రీ చదివే మగపిల్లలు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు, వారి పేర్లు ఈ రాత్రే రాయించండి. రెండు: సంఘం హాలు సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా పదో తరగతి ఆడపిల్లలు చదువుకోవడానికి తెరిచి ఉంచండి. ఒక పెద్దావిడ తోడు ఉంటే చాలు. ట్యూబులైట్లు ఉన్నాయి, ఫ్యాను ఉంది, ఇంట్లో లేనిది అక్కడ దొరికేది ఒక్క నిశ్శబ్దమే. మూడు: మే నెల మొదటి వారంలో కార్యదర్శిగారు స్వయంగా వెళ్లి, ఏప్రిల్ దాకా సెలవు తీసుకున్న ప్రతి అమ్మాయినీ ఇంటి గడప దగ్గర నిలబడి తిరిగి పిలవాలి. పిలిస్తేనే వస్తారు.

తల్లిదండ్రులకు ఒక చిన్న పని. ఈ రాత్రి ఇంటికి వెళ్లి మీ అమ్మాయికి ఒక కాగితం ఇచ్చి, ఏడు రోజులు గడియారం చూసి రాయమనండి. మీ అబ్బాయికి కూడా ఇంకొకటి ఇవ్వండి. వచ్చే ఆదివారం రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ తర్వాత ఏది మాన్పించాలో మేము చెప్పనక్కరలేదు.